పైతొడుగు

కొట్లో అందరూ భూతద్దం అని పిలిచే అతను ఆ పొద్దున అప్పటికే ముగ్గురి ఆశల మీద నీళ్ళు చల్లాడు. నాలుగో ఆవిడ తెచ్చిన పిల్లల బొమ్మల పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, వేళ్ళు తుడుచుకుని, ముందుగా దాని అట్ట మీది కాగితపు పైతొడుగు ఊడదీశాడు. లోపలి అట్ట, ముద్రణ వివరాల పేజీ, బొమ్మల్లో ఎరుపు ముదురా లేతా, అన్నీ చూశాడు. ఆఖర్న తొడుగు వెనక్కి తిప్పి, అదే రచయిత పుస్తకాల జాబితా మీద గోరు ఆనించాడు.

"దీని తరవాత రెండేళ్ళకి వచ్చిన పుస్తకం పేరు ఇక్కడుంది. పుట్టని పిల్లకి ముందే పేరు పెడతారా? మూడో ముద్రణ. మొదటిదైతేనే విలువ. తీసుకెళ్ళండి."

ఆవిడ మొహం చిన్నబోయింది. అలాంటి మొహం చూస్తే అతనికి కడుపు నిండినట్టుంటుంది. వంగిన మెడ, సగం మూసిన ఎడమ కన్ను, పాత పుస్తకాల కొట్లో ముప్పై ఒక్క ఏళ్ళ కొలువు. పెళ్ళి చేసుకోలేదు, స్నేహితుల్లేరు. యజమాని సైతం ఎదురుచెప్పని ఆ మాట ఒక్కటే అతని ఆస్తి. దాన్ని ఎవరికీ ఊరికే ఇవ్వడు.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళాడు. తల్లి పోయాక అతన్ని పెంచిన అక్క మూడు నెలలుగా మంచం మీదే ఉంది. ఆ రోజు ఆవిడ చేతిలో ఓ బొమ్మల పుస్తకం ఉంది.

"ఒరేయ్, ఇది మొదటి ముద్రణేనేమో చూసిపెట్టరా. నీకు అక్షరాలు నేర్పింది దీంతోనే."

"ఇప్పుడెందుకక్కా?"

"ఈ పుస్తకం కొట్లోకి వచ్చిన రోజే కొన్నాను, నా మొదటి జీతంతో. నా బతుక్కి నేను కొత్తగా కొనుక్కున్నది అదొక్కటే. ఊరందరికీ చెప్తావుగా, నాకూ చెప్పు."

అతను కంచం ముందు నుంచి లేవలేదు. ఎడమ చేత్తో పుస్తకం తిప్పి, జాబితా వైపు ఓ చూపు పారేశాడు.

"మూడో ముద్రణ. వచ్చిన రోజే కొన్నావట! కోతలు కొయ్యకు."

"కొన్నానురా..."

"మనుషులు మర్చిపోతారక్కా. అట్ట మర్చిపోదు."

"అంతేలే," అని ఆవిడ గోడ వైపు తిరిగింది. పోయేదేముంది, ఒక్క మంచి ముక్క అనొచ్చు. అనలేదు. చెయ్యి కడుక్కుని కొట్టుకి వెళ్ళిపోయాడు.

నాలుగింటికి పక్కింటావిడ ఫోన్ చేసింది. అతను వచ్చేసరికి అక్క పోయింది.

"మీరెళ్ళాక మంచినీళ్ళు కూడా ముట్టలేదండీ. 'నావి కోతలట' అని ఒకటే మాట. తరవాత పడుకుందనుకున్నాను."

ఏం చెయ్యాలో తోచక అతను దిండు పక్కనున్న పుస్తకం తీసుకున్నాడు. చెయ్యి అలవాటు కొద్దీ పైతొడుగు ఊడదీసింది. దాని కింద ఇంకో తొడుగు ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. కొట్లో చేరిన కొత్తల్లో, పాడైపోయిన ఇదే పుస్తకం మూడో ముద్రణ తాలూకు తొడుగు అక్కడ పారేస్తుంటే తనే ఇంటికి తెచ్చాడు. "చిన్నప్పుడు నేను చింపింది కనపడకుండా దాని మీద ఇది తొడిగెయ్" అని అక్క చేతికిచ్చాడు.

లోపలి తొడుగు మీద జాబితా ఈ పుస్తకం పేరుతోనే ఆగిపోయింది. ముద్రణ పేజీ తీశాడు. మొదటిదే.

"అక్కా, మొదటిదే," అన్నాడు గట్టిగా.

"ఏంటండీ?" అంది దుప్పటి సర్దుతున్న పక్కింటావిడ.

లోపలి తొడుగు మీద, చిరుగు పొడుగునా అక్క అంటించిన సన్నటి కాగితపు పట్టీ పచ్చబడి, ఎక్కడా ఊడకుండా అలాగే ఉంది.