చయనులు గారి ముక్కూ, నేనూ

నేను ఒక కుకీని. పేరు విని టీలో ముంచుకు తినేదాన్ననుకుంటే మీకు నిరాశే. నన్ను తినలేరు, పట్టుకోలేరు, కళ్లజోడు పెట్టుకున్నా చూడలేరు. మీరు కంప్యూటర్లో ఏదైనా వెబ్‌సైట్ తెరిచినప్పుడు, ఆ సైటు వాళ్లు మీ బ్రౌజర్లో ఓ మూల పెట్టి వెళ్లే చిన్న అక్షరాల గుత్తిని. కాసిని అక్షరాలు, కాసిని అంకెలు, మధ్యలో ఓ గీత. నా ఒళ్లంతా కలిపితే అంతే. దానికి అర్థమేమిటని మాత్రం నన్నడగకండి, నాకూ తెలియదు. చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెన్ ఉంటుంది చూడండి, అలాంటి జన్మ నాది. ఆ టోకెన్‌కి మీ పేరు తెలియదు, మీరెందుకొచ్చారో తెలియదు. దాన్ని చూపిస్తే లోపలున్నవాడికి ఏ అరలో చెయ్యి పెట్టాలో తెలుస్తుంది, అంతవరకే దాని గొప్ప.

ఇంతోటిదానికి ఆత్మకథ ఒకటా అని మీరనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. కానీ ఏడాది పాటు బతకమని గడువు రాసి పంపితే, నెల తిరక్కుండానే నాకు ఆయువు మూడింది. విశాలాక్షి గారు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని సెట్టింగుల్లో నన్ను తుడిచేసే బటన్ వెతుకుతున్నారు. ఆవిడ ప్రతి మాటా కూడబలుక్కుని చదివి గాని ముందుకు కదలరు. అందువల్ల నాకు కాస్త వ్యవధి దొరికింది.

ఈ ల్యాప్‌టాప్ కాకినాడలో చయనులు గారింటి ముందుగదిలో, కిటికీ పక్క బల్ల మీద ఉంటుంది. ఒడుగులకీ, పెళ్లిళ్లకీ, వ్రతాలకీ మడివంట చేసే కేటరర్ ఆయన. విశాలాక్షి గారు ఆయన భార్య. చయనులు గారి వంటంటే ఈ చుట్టుపక్కల ఎంత పేరో, ఆయన వంటింటి గడపంటే అంత భయం. స్నానం చేసి మడి కట్టుకుంటే తప్ప దాన్ని ఎవరూ దాటడానికి వీల్లేదు. ఓసారి ఓ పెళ్లికొడుకు మేనమామ మంచినీళ్ల కోసం లోపలికి రాబోతే, ఈయన గరిటె అడ్డం పెట్టి ఆపేశారట. మేనమామ అలిగి విడిదికి వెళ్లిపోయాడు. చయనులు గారు మాత్రం చారు కలుపుకుంటూ ఉండిపోయారు.

ఆ వంటలో ఇంకో కట్టడి ఉంది. దేవుడికి నైవేద్యం పెట్టేదాకా ఏదీ రుచి చూడకూడదు, ఎంగిలవుతుంది. మరి అంత గుండిగలో ఉప్పు సరిపోయిందో లేదో తెలిసేదెలా? చయనులు గారికి ముక్కే చెప్పేది. పులుసు తెర్లుతుంటే పక్కన నిలబడి ఒక్క గుక్క గాలి పీల్చి, ఉప్పు చాల్లేదనేవారు. వేశాక మళ్లీ పీల్చి, కుదిరిందనేవారు. వాసన చూడటం కూడా ఎంగిలి కిందకే వస్తుంది కదండీ అని ఒక పురోహితుడు అడిగితే, నేను చూడలేదు, అదే వచ్చి నా ముక్కుకి తగిలింది అన్నారట. పురోహితుడికి ఆకలిగా ఉండి ఇక వాదించలేదు.

వానాకాలంలో వచ్చిన ఓ జ్వరం ఆ ముక్కుని తీసుకుపోయింది. జ్వరం తగ్గింది, నీరసం తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. ఇంగువ డబ్బా మూత తీసి మొహం అందులో పెట్టినా ఏమీ లేదు. ఆయన ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్న భార్యకి కూడా చెప్పలేదు. ముక్కు పనిచెయ్యని వంటాయన అని ఊళ్లో ఒక్కసారి మాట పుడితే ఇక ఎవరూ పిలవరు. చేతి అలవాటుతో రెండు వ్రతాలు గట్టెక్కించారు. ఇక రాబోయేది శేషారత్నం గారి మనవడి ఒడుగు. శేషారత్నం గారంటే రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. ఆవిడ ఇంట్లో ఏ శుభకార్యమైనా చయనులు గారి వంటే. పప్పులో ఆవగింజ ఎక్కువ వేగినా కనిపెట్టే మనిషి.

ఒక మధ్యాహ్నం విశాలాక్షి గారు నడుం వాల్చాక, ఆయన ఈ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఒంటివేలితో కొట్టారు: వాసన తెలియడం లేదు ఎందుకు. ఓ ఆరోగ్యం సైటు తెరుచుకుంది. తెరుచుకుందే గాని చదవనిస్తేగా, సగం పేజీని కప్పేస్తూ ఓ తెర దిగింది. మీకు మెరుగైన అనుభవం కోసం కుకీలు వాడుతున్నామని అందులో తియ్యటి కబుర్లు. దాని కింద ఆకుపచ్చగా, అరచేయంత బటన్: అన్నీ అంగీకరిస్తున్నాను. ఆ కిందన బూడిదరంగులో, చీమ పాకినట్టు ఇంకో వరుస: నా ఇష్టాలు మార్చుకుంటాను. ఆయనకి కావలసింది తెర వెనకాల ఉంది. ఆకుపచ్చది నొక్కేశారు.

పెళ్లివారి మేనమామని గరిటెతో ఆపిన మనిషి నన్ను ఒంటివేలితో లోపలికి పిలిచాడు. నేనొక్కణ్ని కూడా కాదు, బస్సెడు బంధువర్గంతో దిగాను. స్నానం లేదు, మడి లేదు, నువ్వెవరని అడిగిన నాథుడు లేడు.

మా వాళ్లందరినీ ఒకే గాటన కట్టకండి. మాలో మర్యాదస్తులున్నారు. మీరు పచారీ సరుకుల సైటులో కందిపప్పు బుట్టలో వేసి, మధ్యలో ఫోను వస్తే లేచి వెళ్లి తిరిగొచ్చాక, ఆ పప్పు బుట్టలోనే ఉందంటే మావాడొకడి చలవే. మీరు లాగిన్ అయ్యి ఉన్నారని గుర్తుపెట్టుకునేవాడొకడు. బ్రౌజర్ మూసెయ్యగానే నోరెత్తకుండా కన్నుమూసేవాడు ఇంకొకడు. నేను ఆ బాపతు కాదు. నేనసలు ఆ ఆరోగ్యం సైటుకి చెందినవాణ్నే కాదు. ఆ పేజీలో ఓ మూల అద్దెకు తీసుకున్న ప్రకటనల కంపెనీ తాలూకు వాణ్ని. చుట్టాన్ని భోజనానికి పిలిస్తే వాడి వెనకాలే వచ్చి పీట వేసుకుని కూర్చున్న పరాయివాణ్ని.

నా ఉద్యోగం చాలా తేలిక. మా కంపెనీ అద్దెకున్న పేజీ ఇంకెక్కడ తెరుచుకున్నా, వార్తలైనా, క్రికెట్ స్కోరైనా, పంచాంగమైనా సరే, బ్రౌజర్ ఎవరూ అడక్కుండానే నన్ను తీసి చూపిస్తుంది. అవతల మావాళ్లు నంబరు చూసి, ఓహో, వాసన గురించి చదివినవాడు వచ్చాడు అనుకుంటారు. అనుకుని, దానికి తగ్గ ప్రకటన పంపిస్తారు. మాకు మీ పేరు తెలియదు, అందుకని మీ గుట్టుకేం భయం లేదని మా కంపెనీ చాలా గర్వంగా చెప్పుకుంటుంది. నేనూ నమ్మాను. పేరు తెలియకపోతేనేం, ప్రకటన వచ్చి వాలేది ఆ పేరుగల మనిషి ఇంట్లోనే కదా అన్న ఆలోచన నాకు రాలేదు. ఆలోచించడానికి అక్షరాలు చాలలేదేమో.

మొదట ముక్కులో వేసుకునే చుక్కల మందు పంపించాం. ఆయన పట్టించుకోలేదు. ఈయనకి వాసనల మీద ఆసక్తి ఉందని మా యంత్రాలు తేల్చి, అత్తరు సీసాలు చూపించాయి. ముక్కు పోయినవాడికి అత్తరు అమ్మజూపిన తెలివి మాది. ఆ తర్వాత గ్యాస్ లీకైతే అరిచే అలారం వచ్చింది. చయనులు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

ఒంటరిగా ఉన్నప్పుడు ఆయనకి తనలో తాను గొణుక్కునే అలవాటు, గ్యాస్ లీకైనా ఇక నాకు తెలియదే అన్న దిగులూ అలాగే గొణుక్కున్నారు. ఆ గొణుగుడు ల్యాప్‌టాప్ విందని ఆయన నమ్మారు. విన్నది చూస్తుంది కూడా కదా అని, భార్య బొట్టుబిళ్ల ఒకటి తెచ్చి కెమెరా మీద అంటించారు. ఆ రోజునుంచి ముందుగదిలో మాటలన్నీ గుసగుసలే, కూరగాయలబ్బాయికి ఫోను చెయ్యాలన్నా పెరట్లోకే. పాపం, నాకు కళ్లూ లేవు, చెవులూ లేవు. ఆయన తన వేలితో తానే చెప్పింది తప్ప నాకు ముక్క తెలియదు. మరి ఇవన్నీ ఎలా చెబుతున్నావని అడక్కండి. మా జాతికి మీ గురించి అన్నీ తెలుసని మీరే కదా అంటుంటారు.

విశాలాక్షి గారు కెమెరా మీద తన బొట్టుబిళ్ల చూసి ఇదేమిటన్నారు. దిష్టి తగలకుండా అన్నారాయన. ఆవిడ ఆయన మొహంకేసి ఓ క్షణం చూసి లోపలికి వెళ్లిపోయారు.

ఇవాళ పొద్దున శేషారత్నం గారు ఒడుగు మాట్లాడటానికి వచ్చారు. రెండు ముహూర్తాలున్నాయి, ఏది బాగుందో మీరు కూడా చూసి చెప్పండన్నారు. చయనులు గారు పంచాంగం సైటు తెరిచి, ఆవిడకి కనబడేలా ల్యాప్‌టాప్ అటు తిప్పారు. ఆ పేజీలో పైభాగమంతా మా కంపెనీ అద్దెదే. బ్రౌజర్ నన్ను చూపించింది, మావాళ్లు నంబరు చూశారు, రెప్పపాటులో పని జరిగిపోయింది. తిథికీ నక్షత్రానికీ నెత్తిన, ఎర్రటి అక్షరాలతో వెలిగింది: వాసన తెలియడం లేదా? సిగ్గుపడకండి, ఈరోజే సంప్రదించండి. నా బతుక్కి అంత చక్కగా పని చేసిన రోజు ఇంకొకటి లేదు.

శేషారత్నం గారు దాన్ని పాఠం చదివినట్టు పైకి చదివారు. చదివి, కళ్లజోడు తీశారు.

"ఇదేంటండీ చయనులు గారూ? మనం ఏది వెతికితే దాని ప్రకటనలే వస్తాయంటాడు మావాడు. ఎవరికండీ ఇది?"

చయనులు గారి చెయ్యి ల్యాప్‌టాప్ మూత మీదకి వెళ్లి అక్కడే ఆగిపోయింది. నాకు ఏ ప్రకటన దేనికి దారితీస్తుందో ఎవరూ చెప్పలేదు. ప్రకటన కనబడాలి, అంతవరకే నా చదువు.

కాఫీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ విశాలాక్షి గారు లోపలికి వచ్చారు.

"నాకోసం చూశానండీ. జ్వరం తగ్గిన దగ్గర్నుంచీ నా ముక్కు సరిగ్గా పనిచెయ్యట్లేదు. ఆయనకి ఇవన్నీ ఎక్కడ తెలుస్తాయి, దీన్ని కెలికేది నేనే కదా."

శేషారత్నం గారు గ్లాసు అందుకుని ఒక గుక్క తాగారు. చిక్కటి డికాషన్, పొగలు కక్కే పాలు. ముక్కు పనిచెయ్యని మనిషి కలిపిన కాఫీ అలా ఉండదని ఆవిడకి తెలియదంటే నేను నమ్మను. ఆవిడ ఆయనకేసి చూడలేదు. గ్లాసు ఖాళీ చేసి, రెండో ముహూర్తమే ఖాయం చెయ్యండన్నారు. లేచి వెళుతూ గుమ్మంలో ఆగారు.

"విశాలాక్షీ, ఒడుగు రోజున నువ్వు కూడా మడి కట్టుకుని పొయ్యి దగ్గరుండాలమ్మా. ఒక్కరూ అన్నీ ఎక్కడ చూసుకుంటారు?"

ముక్కు పోయిందని ఇప్పుడే చెప్పుకున్న మనిషిని పొయ్యి దగ్గరుండమనడం ఏమిటో నాకు చప్పున అర్థం కాలేదు. చయనులు గారికి అర్థమైంది. ఆవిడ వెళ్లాక భార్యవైపు కుర్చీ తిప్పారు.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"పాలు మాడిన రోజునుంచీ. ఇల్లంతా పొగ. మీరు పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నారు."

"మరి అడగలేదేం?"

"మీరు చెప్పలేదుగా. చెప్పాలనిపించినప్పుడు చెబుతారులే అని ఊరుకున్నాను." ఇంకోమాట కూడా చెప్పారు. "మొన్నటి వ్రతంలో పులిహోరకి ఇంగువ చాల్లేదు. మీరు అటు తిరిగినప్పుడు నేనే వేశాను."

ఆయన ఉత్తరీయం కొసతో మొహం తుడుచుకున్నారు. రేపు డాక్టరు దగ్గరికి వెళదామన్నారావిడ. సరేనన్నారు.

పాలు మాడింది నేను పుట్టకముందు. అంటే మా కంపెనీ ఇన్ని యంత్రాలు పెట్టి, ఇన్ని పేజీల్లో మూలలు అద్దెకు తీసుకుని, అత్తరు దాకా వెళ్లి పట్టుకున్న రహస్యం ఆవిడకి ఓ గిన్నెడు పాలతో తెలిసిపోయింది. తెలిసినదాన్ని నేను కనబడ్డ ప్రతి పేజీకీ చాటాను. ఆవిడ ఎవరికీ చెప్పలేదు, ఆఖరికి ఆయనకి కూడా. నాకు సిగ్గేసింది. మా కంపెనీ నాకిచ్చిన అక్షరాల్లో సిగ్గు లేదు, ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు గాని వేసింది.

మధ్యాహ్నం ఆవిడ కెమెరా మీది బొట్టుబిళ్ల గోటితో తీసేసి, దీని సంగతి నేను చూస్తాను, ఈసారి ఆకుపచ్చది కనబడగానే నొక్కెయ్యకండి, కిందన సన్నగా ఉన్నది కూడా చదవండి అని ఆయనకి చెప్పారు. అయితే దీనికీ ఓ గడప ఉందన్నమాట అన్నారాయన. నేను పోయినా మా కంపెనీ దగ్గర నా నంబరు కింద ఆయన గురించి రాసుకున్న అర అలాగే ఉంటుంది. టోకెన్ చూపించేవాడు లేకపోతే అది ఎవరిదో వాళ్లకి తెలియదు, అంతే. ఆ ధైర్యంతో మీరు మళ్లీ ఆకుపచ్చది నొక్కకండి.

ఇప్పుడు ఆయన వంటింట్లో నైవేద్యానికి పాయసం కాస్తున్నారు. జ్వరం తర్వాత మొదటిసారి, లోపల్నుంచి పిలుపు వినబడింది.

"విశాలం, యాలకులు సరిపోయాయా?"

ఆవిడ మౌసు మీద చెయ్యి తియ్యకుండానే, వంటింటివైపు మొహం తిప్పి ఆగారు.

"ఇంకో చిటికెడు పడాలండీ."

యాలకుల వాసన ఎలా ఉంటుందో తెలుసుకోకుండానే పోతున్నాను. ఆ మాటకొస్తే ఆయనకీ ఇప్పుడు తెలియదు, ఆయనకి చెప్పడానికి మాత్రం మనిషి ఉంది. ఈ ఇంట్లో ఆ సంగతి తెలియవలసినవాళ్లకి తెలుసు. తెలియనక్కర్లేనివాణ్ని నేనొక్కణ్నే.

ఇదుగో, ఆవిడకి బటన్ దొరికింది.