వెనక్కి తిప్పిన తేదీ

అజ్మతున్నీసా ఆపా కబురు పంపిందంటే ఆమె కంప్యూటర్ మళ్లీ మొరాయించిందని అర్థం. ఛత్రినాకలో దుకాణం షట్టర్ సగం దించి, స్క్రూడ్రైవర్లూ రెండు సీడీలూ సంచిలో వేసుకుని షాలిబండ వైపు నడిచాను. మోకాళ్లు నొస్తున్నాయి. నలభై ఏడేళ్లకే మోకాళ్ల నొప్పులేమిటని డాక్టరు అడిగితే, జనం పారేయాల్సిన పాత కంప్యూటర్ డబ్బాల ముందు నేల మీద కూర్చునేవాడికి ఇంకేం నొస్తాయన్నాను. ఆయన నవ్వలేదు.

ఆపాది విండోస్ తొంభై ఎనిమిది. ఏదో ఆఫీసు వేలంలో నేనే కొనిపెట్టాను. ఇప్పుడు రెండువేల నాలుగు. కొత్తగా వచ్చే ప్రోగ్రాములు చాలావరకు దాంట్లోకి ఎక్కవు, ఎక్కినా నడవవు. ఆపాకు కావలసినవి మాత్రం రెండే పనులు. జరీ దారంతో జర్దోజీ కుట్టిన గుడ్డ ముక్కను స్కానర్ మీద బోర్లించి బొమ్మ తీయడం, దాన్ని ముంబైలో దుపట్టాలు కొనే సేఠ్‌కు మెయిల్ చేయడం. ఆ రెంటి మీదే ఆరుగురు ఆడవాళ్ల చేతిపని నడుస్తోంది.

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసి రేడియోలు బాగుచేసే కొట్లో చేరినవాణ్ణి. రేడియో పోయి టీవీ వచ్చింది, టీవీ వెనకాలే కంప్యూటర్ వచ్చింది. లోపలి సామాను నాకు అర్థమవుతుంది. తెర మీది ఇంగ్లిషే అర్థం కాదు. తెర మీద వచ్చే రెండు బటన్లలో ఎడమది నొక్కితే సరే, కుడిది నొక్కితే వద్దు. అట్లా చోటు గుర్తుపెట్టుకుని ఇన్నేళ్లు నెట్టుకొచ్చాను. నా దుకాణానికి ఎదురుగా కంప్యూటర్ కోర్సులు చెప్పే వేణుమాధవ్ ఒకసారి నలుగురి ముందు, "అన్నా, నువ్వు ఎంత దాక చదివినవే?" అని అడిగాడు. ఆ రోజు నుంచి ఏదీ చదివి చెప్పమని ఎవరినీ అడగలేదు.

ఆపా ఇంట్లో ముందుగది అంతా జర్దోజీ చట్రమే. దాని చుట్టూ ఆరుగురు కూర్చుని కుడుతున్నారు. మామూలుగా అక్కడ మాటలకు చెవులు గింగురుమంటాయి. ఆ రోజు ఎవరూ మాట్లాడటం లేదు.

"వచ్చినవా రామ్‌చందర్ భాయ్? కూసో," అంది ఆపా. "నుజహత్ చెప్తది."

నుజహత్ ఆపా కూతురు. డిగ్రీ పాసైంది. మెయిళ్లన్నీ తనే రాస్తుంది.

"చాచా, రంజాన్ బాద్ షాదీల కోసమని సేఠ్ నూట యాభై దుపట్టాలు ఇస్తనన్నడు గదా. పదో తారీఖు లోపల నమూనాలు పంపినోళ్లకే అన్నడు. మేం ఎనిమిదినే పంపినం. ఇయ్యాల పదమూడు. ఫోన్ చేస్తే, మీ మెయిలే రాలేదు, లక్నో వాళ్లకు ఇచ్చేస్తున్న అంటున్నడు."

"ఫోన్ లైన్ ఖరాబ్ ఉండొచ్చు," అన్నాను. ఏం తెలియకపోయినా నా నోటికి ముందుగా వచ్చే మాట అది.

"లైన్ మంచిగనే ఉంది. పోయినట్టు చూపిస్తుంది, చూడు."

లాల్‌దర్వాజా నుంచి పనికి వచ్చే కమల చట్రం మీంచి తల ఎత్తకుండానే అంది: "అన్న చెయ్యి పెడితే అన్నీ పోతయ్. యాడికి పోతయో గదే తెల్వదు."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆపా నవ్వలేదు.

తెర ముందు కూర్చున్నాను. మెయిల్ నిజంగానే వెళ్లింది. దాని పక్కన తేదీ ఉంది. అంకెలు చదవడానికి ఇంగ్లిషు అక్కర్లేదు. ఎనిమిది, తొమ్మిది, రెండువేల మూడు.

ఉండాల్సింది రెండువేల నాలుగు.

ఆ ఏడాదిని వెనక్కి తిప్పింది నేనే. వైరస్‌లను పట్టే ప్రోగ్రామ్ ఒకటి కోఠిలో సీడీ కొని, మా గల్లీల్లోని డబ్బాలన్నింటిలో అదే వేశాను. ఏడాది గడువు తీరగానే అది ఎర్రగా అరవడం మొదలుపెడుతుంది. పోయిన నెల ఆపా డబ్బాలో అరిచింది. లోపలి తేదీని ఒక ఏడాది వెనక్కి జరిపాను. ఇంకా గడువు ఉందనుకుని నోరు మూసుకుంది. కొత్త వైరస్ ఒక్కటీ దానికి తెలియదని నాకు తెలుసు. అరవడం ఆగితే చాలని ఊరుకున్నాను. తెర మూలన టైమే కనిపిస్తుంది, బాణం తీసుకెళ్లి పెడితే తప్ప తేదీ కనపడదు. ఎవరూ పెట్టలేదు. ముంబైలో సేఠ్ కంప్యూటరేమో ఈ మెయిల్‌ను తీసుకెళ్లి పోయినేడాది మెయిళ్ల మధ్య ఎక్కడో అడుగున పడేసి ఉంటుంది.

ఊరికే దొరికే మంచి ప్రోగ్రామ్ ఒకటి ఉంది. ఆ పాత విండోస్‌లోనూ నడుస్తుంది. అది నా సంచిలోని సీడీలోనే ఉంది. కానీ దానికి ముందు ఇంగ్లిషులో ఒక పేజీ ఫారం నింపి పంపాలి, వాళ్లు తిరిగి ఒక నంబరు పంపుతారు. ఆ ఫారం ముందు ఒక పూటంతా కూర్చున్నాను. పేరు రాసే గడి తప్ప ఇంకేదీ పోల్చుకోలేకపోయాను.

ఇప్పుడు గుట్టుగా తేదీ సరిచేసి, వైరు వదులైందని చెప్పి, మెయిల్ మళ్లీ పంపించేయొచ్చు. ఎవరికీ తెలియదు. కానీ అది పదమూడో తారీఖు మెయిల్ అవుతుంది. గడువులోపల పంపారని సేఠ్ నమ్మాలంటే అడుగున పడ్డ ఆ మొదటి మెయిలే చూడాలి. ఎందుకు అడుగున పడిందో ఎవరో ఒకరు చెప్పాలి.

"ఆపా, తప్పు నాదే," అన్నాను.

సూదులు ఆగాయి. ఉన్నదంతా చెప్పాను, ఫారం సంగతి తప్ప.

"అంటే మా డబ్బా ఇంకా పోయిన సాల్లనే ఉందా?" అంది నుజహత్.

"నా వయసు గూడ ఒక సాలు తిప్పరాదే అన్నా," అంది కమల. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆపా నా వైపు తిరిగింది. "వేరే మంచిది వెయ్యకపోయినవా భాయ్? నేను వద్దంటినా?"

"ఉంది ఆపా. గది వెయ్యాలంటే ఇంగ్లిష్‌ల ఫారం నింపాలె. నాకు చదువుడు రాదు."

"రాదని చెప్పొచ్చు గదా."

"చెప్తే నువ్వు వేణుమాధవ్‌ని పిలుస్తవు."

"పిలుస్తుంటి," అంది ఆపా, దాచుకోకుండా. "ఇప్పుడు గీ ఫోన్ తియ్. నా ఆడోళ్లు దేర్ చెయ్యలేదని, టైముకే పంపిన్రని నీ నోటితోని సేఠ్‌కు చెప్పు."

నుజహత్ నంబరు కలిపి రిసీవర్ నా చేతికిచ్చింది.

"సేఠ్‌సాబ్, హైదరాబాద్ సే కంప్యూటర్ మెకానిక్ బోల్‌రౌం," అన్నాను. తప్పు ఎట్లా జరిగిందో వచ్చిన హిందీలో చెప్పాను. పోయినేడాది సెప్టెంబరు మెయిళ్లలో వెతకమన్నాను. అవతల మీటల చప్పుడు వినిపించింది. తర్వాత పెద్ద నవ్వు. "అరే సునో, హైదరాబాద్ మే అభీ పిఛ్‌లా సాల్ చల్ రహా హై!" అని, హైదరాబాద్‌లో ఇంకా పోయినేడాదే నడుస్తోందట అని పక్కవాళ్లను కేకేసి చెప్పాడు. అక్కడ ఎంతమంది నవ్వారో తెలియదు. నేను రిసీవర్ పట్టుకుని నిలబడ్డాను. నవ్వు అయిపోయాక, మెయిల్ తమ దగ్గరికి చేరింది ఎనిమిదినే అని లోపల రాసి ఉందనీ, నమూనాలు చూసి సాయంత్రంలోగా ఫోన్ చేస్తాననీ చెప్పాడు.

ఫోన్ తీగ పీకి కంప్యూటర్‌కు పెట్టి, తేదీ సరిచేశాను. వెంటనే ప్రోగ్రామ్ ఎర్రగా అరవడం మొదలుపెట్టింది. తీసి పారేశాను.

"ఇప్పుడు దీనికి ఏ పహరా లేదు," అన్నాను. "ఫారం పంపి నంబరు తెచ్చుకోవాలె. కొత్త వైరస్‌ల లిస్టు గూడ దించుకోవాలె. గంట పడతది. నెట్టూ ఫోనూ ఒక్క తీగ మీదనే గదా, గా గంటసేపు ఫోన్ కలవదు."

"మరి సేఠ్ ఫోన్ చేస్తే?" అంది నుజహత్.

"కలవదు."

"అయితే నీ తీగ పీకు," అంది ఆపా.

కంప్యూటర్ నుంచి తీగ పీకి ఫోన్‌కు పెట్టాను. నుజహత్ పక్కన స్టూలు వేసుకుని సీడీలోని ఫారం తెరిచింది. నా మొహం చూడకుండా, ఒక్కో గడిలో ఏం అడుగుతున్నారో తెలుగులో చెబుతూ, రాస్తూ పోయింది. అంతా కలిపి పావుగంట కూడా పట్టలేదు. దీని కోసమా ఇన్నాళ్లు అనుకున్నాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు.

చాయ్ వచ్చింది, చల్లారింది. సాయంత్రం మసీదులో మగ్రిబ్ అజా అయిపోయాక ఫోన్ మోగింది. ఆపా తీసింది. "జీ... జీ... ఠీక్ హై సేఠ్‌సాబ్," అని పెట్టేసింది.

"తొంభై దుపట్టాల పని పొద్దున్నే లక్నో వాళ్లకు పోయిందంట. మనకు అరవై."

అరవై దుపట్టాలంటే, తక్కువ తక్కువగా పంచుకున్నా నలుగురికే సరిపోయే పని. అది ఆ గదిలో అందరికీ తెలుసు. కమల సూదిని చట్రం అంచుకు గుచ్చి, కత్తెర తీసి పక్కన పెట్టింది.

"అందరికంటె ఎనక చేరింది నేనే గదా ఆపా."

"పండుగ దాకనే కమలా. తర్వాత మళ్ల పిలుస్త."

"ఫికర్ జెయ్యకు," అంది కమల. మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటున్న చప్పుడు వినిపించింది. ఆమె వెనకే ఇంకొకామె కూడా లేచి వెళ్లింది. నేను తల తిప్పలేదు.

"ఇంక ఫోన్ రాదు భాయ్," అంది ఆపా. గొంతులో కోపం కూడా లేదు. "ఇప్పుడు పెట్టుకో నీ తీగ."

తీగ పెట్టాను. మోడెమ్ కీచుమంది. ఫారం పంపే చోట రెండు బటన్లు వచ్చాయి. అలవాటు కొద్దీ వేలు ఎడమ దానిపైకి వెళ్లింది. ఆపి, నుజహత్‌ను అడిగాను.

"ఏం రాసుందమ్మా గీ రెంటి మీద?"