కాకెంగిలి

చెంబు ఎంత ఎత్తితే నీళ్లు పెదవికి తగలకుండా గొంతులో పడతాయి, తల ఎంత వెనక్కి వాల్చాలి, ఇదేం విద్యో ఈ ఇంట్లో అందరికీ పుట్టుకతోనే వచ్చేసింది, ఆల్మాజ్‌కు మాత్రం సగం ముక్కులోకి, సగం చున్నీ మీదికి, పొలమారి దగ్గుతూ చెంబు దించేసింది, ఎవలో యాది చేస్తున్రు బిడ్డా నిన్ను అని పుష్పమ్మ పొయ్యి దగ్గర నుంచే అంది, లేచి రాలేదు, ఈమె ఎప్పుడూ అంతే, దూరం నుంచే ప్రేమగా మాట్లాడుతుంది, యాది చేసేదెవరు, అమ్మే అయి ఉంటుంది, ఇథియోపియాలో ఇంకా తెల్లవారలేదు, చీకట్లోనే లేచి కాఫీ గింజలు వేయిస్తూ ఉంటుంది, మొన్న ఎస్టీడీ బూత్ నుంచి మాట్లాడితే బాగున్నావా అని కూడా అనలేదు, నీకు ముద్ద ఎవరు పెడుతున్నారే అంది, అందరూ పెడుతున్నారమ్మా అని అబద్ధమాడి ఫోన్ పెట్టేసి ఆ బూత్‌లోనే గోడవైపు తిరిగి ఏడ్చింది, ఒక్కరూ పెట్టలేదు, పెట్టకపోతే పోనీ, తను పెట్టిన ముద్దనే, వద్దు, అది మళ్లీ గుర్తు చేసుకోకూడదు, సంచి సర్దేసింది, మంచం కింద ఉంది, పది గంటల బస్సెక్కితే అలంపూర్ చౌరస్తా, అక్కణ్నుంచి హైదరాబాద్, కాలేజీలో సార్ అడిగితే ఒంట్లో బాగాలేదంటే సరి, విత్తనాల కోసం పెంచే సీడు పత్తి ఎలా పండిస్తారో చూసి నేర్చుకోమని ఈ వడ్డేపల్లి వైపు పంపించారు, పంట కాలమంతా ఇక్కడే ఉండమన్నారు, ఉండకపోతే ఈ ఏడాది చదువు గంగలో కలిసినట్టే, కలవనీ, వారం కాకుండానే మనిషి సగమైపోయింది.

గుర్తు చేసుకోకూడదంటే మనసు ఊరుకుంటుందా, ఆ సాయంత్రం అందరూ వాకిట్లో తినడానికి కూర్చున్నారు, ఈ ఇంటి రైతు మద్దిలేటి, అతని భార్య పుష్పమ్మ, గద్వాలలో డిగ్రీ చదివే కూతురు మానస, మద్దిలేటి తల్లి ముసలి ఎంకమ్మ, ఎవరి పళ్లెం వాళ్లదే, ఆల్మాజ్ వాళ్ల దేశంలో అయితే ఇంటిల్లిపాదికీ ఒకటే పెద్ద పళ్లెం, చుట్టూ చేరి ఒకే రొట్టె తుంచుకుని తింటారు, ఎవరికైనా విడిగా పెట్టారంటే వాళ్ల మీద కోపమొచ్చినట్టే, తమ్ముణ్ని కొట్టిందని నాన్న ఒకసారి ఆమెకు వేరే పళ్లెం పెట్టించాడు, ఎంత తిన్నా ఆ పూట కడుపు నిండలేదు, ఇక్కడ రోజూ ఆ పూటే, కానీ ఆ సాయంత్రం జొన్నరొట్టె, పల్లీల తొక్కు, రుచి నాలుకకు పట్టి ప్రాణం లేచొచ్చింది, ఇంత బాగా వండిన మనిషికి మర్యాద చేయాలనిపించింది, రొట్టె తుంచి తొక్కు అద్ది మడిచి పుష్పమ్మ నోటి దగ్గర పెట్టింది, గుర్షా అంటారు వాళ్లు, ఇష్టమైనవాళ్లకూ పెద్దవాళ్లకూ తన చేత్తో పెట్టే ముద్ద, కాదంటే మొహం మీద తలుపేసినట్టు, పుష్పమ్మ తల వెనక్కి లాక్కుంది, చెయ్యి అడ్డం పెట్టింది, వద్దు బిడ్డా ఎంగిలి, నువ్వు తిను అంది, ఎంకమ్మ ఏదో గొణిగింది, మద్దిలేటి తల దించుకుని తింటూనే ఉన్నాడు, ముద్ద గాలిలోనే ఉండిపోయింది, దాన్నెక్కడ పెట్టాలో తెలియలేదు, మానస నవ్వుతూ ఇంగ్లీషులో చెప్పింది, నోరు తగిలింది ఇంకొకరు తినకూడదని, ఎవరి నోరు, నా నోరు, పరాయిదాని నోరు, నల్లదాని నోరు, అప్పట్నుంచీ చూస్తోంది, తన పళ్లెంలో రొట్టె జానెడు ఎత్తు నుంచి పడుతుంది, గరిటె పళ్లేనికి తగలదు, ఇంకేం చెప్పాలి మనిషికి, ఊళ్లో పిల్లలే నయం, దారిలో ఆపి జుట్టు పట్టుకుని చూసి నవ్వుతారు, ఈ ఊళ్లో ఆమెను ముట్టుకున్నది వాళ్లే.

బస్సుకింకా టైముంది, కూర్చోబుద్ధి కాదు, నిలబడబుద్ధి కాదు, అసలు చిక్కు చేన్లో ఒక సాలుతో వచ్చింది, నిన్న సాయంత్రం ఆ వరసలో మొగ్గలన్నీ తనే గిల్లింది, తెల్లారితే విచ్చుకునే మొగ్గను బొటనగోటితో ఒలిచి, లోపల పుప్పొడి కాడలు తీసేసి, గుర్తుకు ఎర్ర కాగితం తగిలించడం, పొద్దున్నే మగ మొక్కల పువ్వు తెచ్చి దానికి అద్దాలి, ఈ పూట అద్దకపోతే కాయ పట్టదు, మొగ్గ రాలిపోతుంది, ఆ పిల్ల వచ్చి సాలంతా రాల్చి పోయిందన్న మాట రాకూడదు, సంచి మంచం కింద ఉండగానే కాళ్లు చేనుకు నడిచాయి, అద్దుతోంది, ఒక్కో పువ్వుకూ ఆలోచన మారుతోంది, పోవాలి, ఉంటే ఏమవుతుంది, ఏమీ కాదు, పోవాలి, పురుగుమందు వాసన, నడుము నొప్పి, అమ్మ వేయించే గింజల వాసన, సార్ మొహం, గట్టు మీద మద్దిలేటి చెంబెత్తి గటగటా తాగాడు, పెదవికి తగలనివ్వలేదు, అదే చెంబు అందుకుని పుష్పమ్మా అలాగే ఎత్తి తాగింది, ఆల్మాజ్ చేతిలో పువ్వు ఆగిపోయింది, ఇన్నేళ్లు కాపురం చేసిన మొగుడు, అతని నోరు కూడానా, ఇంతకుముందు చూడలేదా, చూసే ఉంటుంది, తన పళ్లెం వైపే చూసుకుంటూ కూర్చుంటే పక్క పళ్లెం ఎలా కనబడుతుంది, మానస పళ్లెంలో రొట్టె ఎలా పడుతుంది, ఎత్తు నుంచే, అవును, కన్నకూతురికి కూడా ఎత్తు నుంచే, అయినా తల వెనక్కి లాక్కుంది కదా, ఆ ముద్ద గాలిలో ఉండిపోయింది కదా, అదెలా మరిచిపోవడం.

సాలు అయిపోయి గట్టెక్కేసరికి పుష్పమ్మ చేతిలో జామకాయ ఉంది, గట్టు మీది చెట్టంతా వెతికితే అదొక్కటే దొరికిందట, కూసో అంది, మొహంలోకి చూసింది, పరేషాన్‌గ ఉన్నవ్, పోతనంటవా ఏంది అంది, అంటే సంచి చూసింది, పుష్పమ్మ కొంగు చివర దులిపి, జామకాయకు చుట్టి, ఆ గుడ్డ మీంచే పళ్లతో కటుక్కున కొరికింది, విప్పితే రెండు ముక్కలు, ఒకటి చాచింది, ఆల్మాజ్‌కు ఒళ్లు మండింది, ఇప్పుడు గుడ్డ కూడా అడ్డమా, లేచిపోదామనుకుంది, ఇంతలో మద్దిలేటి పక్క సాలులోంచి నవ్వాడు, గింత పెద్దగయినంక చిన్నపోరగాండ్ల లెక్క కాకెంగిలి ఏందే అన్నాడు, పుష్పమ్మ అతని వైపు తిరగలేదు, ఈ పిల్లకు అర్థం కావాలని ఒక్కో మాటా ఆగి ఆగి అంది, గుడ్డ మీద కొరికితే ఎంగిలి గాదు బిడ్డా, ఇద్దరం తినొచ్చు, చిన్నప్పుడు నా చెల్లెకు గిట్లనే కొరికిస్తుంటి, అది పెండ్లయి పోయినంక ఎవలకూ కొరికియ్యలె, మల్ల నీకే.

నీకే, ఆ మాట అర్థం కావడానికి మానస ఇంగ్లీషు అక్కర్లేదు, ముక్క చేతిలో తడిగా ఉంది, ఆ సాయంత్రం కాదన్న ముద్ద ఈమెనూ నిద్రపోనివ్వలేదా, దాన్నెలా తిరిగివ్వాలా అని ఇన్నాళ్లూ వెతుకుతోందా, ఆల్మాజ్ చున్నీ చివర దులిపింది, తన సగానికి చుట్టి కొరికింది, సరిగ్గా తెగలేదు, గింజలు గుడ్డకంటుకున్నాయి, తెగినంత ముక్కను పుష్పమ్మ నోటి దగ్గర పెట్టింది, పుష్పమ్మ ఒకసారి మొగుడి వైపు చూసి, సిగ్గుపడి, నోరు తెరిచింది, రోడ్డు మీద చౌరస్తా బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది, ఇద్దరూ నములుతూ విన్నారు, దూరం పెట్టాలనుకున్న మనిషి ఇంత దారి వెతకదు, సాయంత్రం మళ్లీ మొగ్గలు గిల్లాలి, బూత్‌కు పోయి అమ్మకు నిజం చెప్పాలి, అందరూ పెడుతున్నారన్నది అబద్ధమమ్మా, ఒక్కరే పెట్టారు, ఆ ఒక్కరు చాలు.