సాగే గుడ్డతో ఎనిమిది ఏనుగులు

ఆళ్లగడ్డలో రవిక కుట్టించుకోవాలంటే అక్తర్ బేగం దగ్గరికే వెళ్లాలని అందరికంటే గట్టిగా చెప్పేది అక్తర్ బేగమే. ఇరవై రెండేళ్లుగా కుడుతోంది. కొలత తీసుకుంటూనే ఆ మనిషి వచ్చే ఏడాదికి ఎంత లావవుతుందో కూడా చెప్పేస్తుంది. అడగకపోయినా చెబుతుంది.

అలాంటి మనిషి దగ్గరికి వందన టీచర్ మెత్తటి బూడిదరంగు గుడ్డ పట్టుకొచ్చింది. ఆమె బస్టాండు వెనకున్న చిన్న బడిలో ఎల్‌కేజీ పిల్లలకు పాఠాలు చెబుతుంది. తరగతిలో ఎనిమిది మంది. ఒక్కొక్కరికి ఒక్కో ఏనుగు బొమ్మ కుట్టివ్వమని అడిగి, కాగితం మీద గీసిన ఆకారం ఇచ్చింది.

"ఇది సాగే గుడ్డ అక్కా. కుట్టేది కష్టమంట. కొంచెం చూసుకో."

"ఇరవై రెండేండ్లుగా గుడ్డతోనే బతుకుతాండా టీచరమ్మా. నాకు గుడ్డ గురించి చెప్తాండావా?"

టీచర్ గుడ్డ బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

ఆ గుడ్డ అడ్డంగా లాగితే రబ్బరులా సాగేది. నిలువుగా లాగితే కదిలేది కాదు. బేగం అది చూడలేదు. అలాంటివి చూసుకోవాల్సింది కొత్తగా నేర్చుకునేవాళ్లు కదా! గుడ్డ మిగలాలని ఒక ముక్క అడ్డంగా, ఒక ముక్క నిలువుగా కత్తిరించింది. రవికల సూదితోనే, రవికను లాగి పట్టినట్టే లాగి పట్టి కుట్టింది. మిషను నాలుగు కుట్లు వేసి రెండు దాటేసింది. తప్పు సూదిదనుకుంది. ఒక ముక్క సాగి బెత్తెడు పొడుగైంది. తప్పు గుడ్డదనుకుంది. దూది కూరేసరికి ఏనుగు పొట్ట ఉబ్బింది, తొండం వెనక్కి తిరిగింది, నాలుగు కాళ్లలో రెండే నేలకు ఆనాయి.

సరిగ్గా అప్పుడే రవిక తీసుకుపోదామని శిరివెళ్ల నుంచి ఓబులమ్మ వచ్చింది.

"ఇదేందీ బేగమక్కా, పందా?"

"ఏనుగు."

ఓబులమ్మ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసింది. "పాపం, నెలలు నిండినట్టుండాయే!"

"నీ రవిక ఇంకా కాలేదు. రేపు రా, పో."

రవిక కుట్టి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి పక్కనే ఉంది.

రెండో ఏనుగును ఇంకా గట్టిగా లాగి కుట్టింది. అది ఇంకా వంకరగా వచ్చింది. మూడోదానికి దూది కూరుతుండగానే మెడ దగ్గర కుట్టు పుటుక్కున తెగింది. అప్పుడు ఆమెకు దీపిక గుర్తొచ్చింది.

నాలుగేళ్ల కిందట దీపిక ఆరు నెలలు ఆమె దగ్గర కుట్టు నేర్చుకుంది. ఆ పిల్లకు గుడ్డను బిగించి పట్టుకోవడం రాదు. బేగం చెక్క స్కేలుతో మణికట్టు మీద కొట్టి "లాగి పట్టవే" అనేది. చివరికి నీకు కుట్టుపని రాదు, వేరే పని చూసుకోమని పంపేసింది. కుట్టుపని రాని ఆ పిల్ల ఇప్పుడు నంద్యాలలో గది తీసుకుని, బొమ్మలు కుట్టి అంగళ్లకు వేస్తోంది. ఎవరైనా ఆ మాట చెబితే బేగం "బొమ్మలే కదా" అనేది.

ఇప్పుడు తాను కుట్టిన ఆ మూడు బొమ్మలే సంచిలో వేసుకుని, దారం రీళ్లకని ఇంట్లో చెప్పి, నంద్యాల బస్సెక్కింది.

"అక్కా! నువ్వా! రా, కూర్చో" అంటూ దీపిక కుర్చీ వేసింది.

"ఈ పక్క పనుండి వచ్చినా. మా వీధిలో ఒకామె కుట్టిందంట ఇవి. ఎట్ల కుట్టాల్నో చెప్పమంటాంది. నాకు టైము యాడుంది? నువ్వు చెప్తే ఆమెకు చెప్తా."

దీపిక ఏనుగును తిప్పి కుట్టు చివర చూసింది. మూడుసార్లు వెనక్కి కుట్టి, దారం కొస లోపలికి దోపడం బేగం ఒక్కతే చేస్తుంది. ఆ పద్ధతి దీపికకు నేర్పిందీ ఆమే. దీపిక నవ్వలేదు.

"ఆమె కుట్టు మంచిదే అక్కా. గుడ్డ కొత్త, అంతే. సాగే దిక్కు చూసుకుని అన్ని ముక్కలూ ఒకే దిక్కుకు కత్తిరించమని చెప్పు. సూది మొన గుండ్రంగా ఉండాల. మన సూది పోగును పొడుస్తాది. గుండ్రటిదైతే పోగును పక్కకు తోసుకుని పోతాది. పొట్ట ముక్కకు లోపల సాగని లైనింగ్ వేస్తే ఉబ్బదు."

రెండు ముక్కలు కత్తిరించి, వరసగా గుండుసూదులు గుచ్చి, బేగాన్ని మిషను ముందు కూర్చోబెట్టింది. బేగం చేతులు అలవాటుగా గుడ్డను లాగాయి. దీపిక ఆమె మణికట్టు మీద చెయ్యి వేసింది.

"లాగొద్దక్కా. విడిచిపెట్టు. మిషనే తీసుకుంటాది."

బేగం కాలు ఆగింది. దీపిక మణికట్టు వైపు చూసింది.

"నిన్ను ఈడనే కదా కొట్టినా?"

"ఎడమ చేతికక్కా. కుడి చేతికి ఒకసారే."

బేగం మళ్లీ గుడ్డ వైపు తిరిగింది. "రవికకు లాగాల" అంది.

"ఔనక్కా. రవికకు లాగాల."

క్షమాపణ అంటూ బేగం ఎవరికైనా చెప్పిందంటే అది అంతే. దీపిక అది తీసుకుంది. గుడ్డ మిషను కింద తనంతట తాను పోయింది. ఒక్క కుట్టు కూడా తప్పలేదు. బయల్దేరేటప్పుడు బేగం సంచిలో కొత్త సూదుల పొట్లం పెట్టి "మీ వీధి ఆమెకు ఇయ్యి" అంది దీపిక.

నాలుగు రోజుల్లో ఎనిమిది ఏనుగులూ తయారయ్యాయి. ఒకదానికి గుడ్డ మీది నూగు ఎదురు తిరిగి కొంచెం నల్లగా కనిపించింది. అది ముసలి ఏనుగని వందన టీచర్‌కు చెప్పింది బేగం. పిల్లలు ఆ ముసలి ఏనుగు కోసమే కొట్టుకున్నారు. తొండాలు పట్టుకుని చెరోపక్కకూ లాగారు. గుడ్డ సాగింది, కుట్టు మాత్రం ఊడలేదు.

"ఎవరు నేర్పినారక్కా?" అని టీచర్ అడిగింది.

"నా దగ్గర నేర్చుకున్న పిల్ల" అంది బేగం. ఆ నాలుగు ముక్కల్లో కూడా తన వాటా ముందే తీసేసుకుంది.

మిగతా తరగతులకు ఇంకో ఇరవై కావాలన్నారు. ఆ సాయంత్రమే బేగం ఫోన్ చేసింది.

"ఏమే దీపికా, ఎల్లుండి పొద్దున్నే రా. ఇరవై ఏనుగులుండాయి. ఇద్దరం కుడదాం."

"వస్తానక్కా. కత్తిరించేది ఎవరు?"

బేగం తన కత్తెర ఇంతవరకు ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఆ కత్తెర చేతిలోకి తీసుకుంది, మళ్లీ బల్ల మీద పెట్టింది.

"నువ్వే" అంది చివరికి. "నేను పక్కన కూర్చుని చూస్తాంటా."