మూడో క్లాసు బెంచీ

రోజూ సాయంత్రం బడి నుంచి రాగానే కృప మొహం కడుక్కుని, ఏదో ఒకటి తిని, మేడ మీదికి వెళ్ళాలి. ఆ వేళకి ఎండ మెత్తబడి ఉంటుంది. వీడియోలో మొహం బాగా పడుతుంది. వాళ్ళమ్మ స్టెల్లా అప్పటికే మేడంతా ఊడ్చి, పిట్టగోడ దగ్గర ఫోను స్టాండు నిలబెట్టి ఉంచేది. ఇబ్రహీంపట్నంలో ఊడవని మేడ మీద పిల్లని చెప్పుల్లేకుండా నిలబెడితే అరికాళ్ళు నల్లబడిపోతాయి. థర్మల్ స్టేషన్ గొట్టాల బూడిద పొద్దున ఒక పొర, సాయంత్రం ఒక పొర పడుతూనే ఉంటుంది.

"చెయ్యి తిప్పాక నవ్వు. ముందే నవ్వేస్తున్నావ్" అనేది స్టెల్లా. కొంగు దోపి, తనే ఒకసారి చేసి చూపించేది.

ఆ స్టెప్పులన్నీ స్టెల్లావే. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మిషన్ మీద జాకెట్లు కుడుతూ, రేడియోలో పాట వింటూ, తొక్కే కాలి ఊపుకి మనసులో అల్లుకునేది. వాటిని కృప వేస్తే చూసినవాళ్ళు మళ్ళీ మళ్ళీ చూసేవాళ్ళు. మొదట చర్చివాళ్ళు, తర్వాత వీధిలోవాళ్ళు, ఆ తర్వాత ముక్కూ మొహం తెలియనివాళ్ళు. అకౌంటు కృప పేరు మీదే తెరిచారు. పుట్టిన సంవత్సరం అడిగితే ఉన్నది ఉన్నట్టు కొట్టారు. ఫోను కుదరదంది. పదమూడు నిండాలంది. స్టెల్లా బొటనవేలితో సంవత్సరాలు కిందికి జరిపి, ఏడేళ్ళ పిల్లని పదిహేనేళ్ళ పిల్లని చేసింది.

పక్కనే ఉన్న భర్త పాల్ నవ్వాడు. "ఒక్క నొక్కుకి మన పిల్ల హైస్కూలుకొచ్చేసిందే!"

పాల్ థర్మల్ స్టేషన్‌లో కాంట్రాక్టు మనిషి. బొగ్గు మోసే బెల్టుల దగ్గర పని. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు తోటివాళ్ళకి కూతురి వీడియోలు చూపించడం అతనికి సరదా.

కృప చదివే బడి చర్చి వెనక వీధిలో ఉంది. ఐదో క్లాసు వరకే. సంపూర్ణమ్మ టీచర్ నడుపుతుంది. ఆ బళ్ళో పిల్లల్ని పై క్లాసుకి పంపడానికి మార్కులు చూడరు. వరండాలో నల్లటి టేకు బెంచీ ఒకటుంది. జూన్‌లో బడి తెరవగానే పిల్లల్ని ఒక్కొక్కళ్ళనే దాని మీద కూర్చోబెడతారు. పాదాలు నేలకి ఆనితే పై క్లాసు. ఆనకపోతే ఉన్న క్లాసే, ఆనిందాకా. పొడుగూ పొట్టీతో దానికి పనిలేదు. ఎదిగిన పిల్లాడికి కాళ్ళు వేలాడేవి, గుప్పెడంత పిల్లకి చక్కగా ఆనేవి. బెంచీయే లేస్తుంది, బెంచీయే దిగుతుంది. ఒకసారి తనిఖీకి వచ్చిన ఆఫీసరు గారు దాని మీద చెయ్యేసి చూసి, "ఏటా పాలిష్ పెట్టిస్తున్నారా?" అని అడిగి, టీ తాగి వెళ్ళాడు.

కృపకి ఒకటో క్లాసుకీ, రెండో క్లాసుకీ వెంటనే ఆనాయి. అందుకే ఈ జూన్‌లో స్టెల్లా దిగులేమీ లేకుండా, పిల్లకి రెండు జడలు వేసి, మూడో క్లాసు పుస్తకాలు కూడా సంచీలో సర్ది తీసుకెళ్ళింది.

ముందు డయానా కూర్చుంది. డయానా కృపకి ప్రాణ స్నేహితురాలు. దాని పాదాలు ఆనాయి. చప్పట్లు కొట్టి మూడో క్లాసులోకి పరిగెత్తింది.

తర్వాత కృప కూర్చుంది. బెంచీ కిర్రుమంది. లేవడం మొదలుపెట్టింది. అలా లేస్తూ లేస్తూ, పిల్ల తల వరండా కప్పు దగ్గరికి వచ్చాక ఆగింది. అక్కడి నుంచి కృపకి గోడ అవతల రోడ్డూ, రోడ్డు మీద బూడిద లారీలూ కనిపించాయి. కింద అందరూ తలలెత్తి చూస్తున్నారు. ఏడవలేదు. అలవాటు కొద్దీ నవ్వింది.

సంపూర్ణమ్మ టీచర్ స్టూలు ఎక్కి పిల్లని ఎత్తుకుని దింపింది.

"ఇంకా కాదమ్మా. రెండో క్లాసులోనే కూర్చో కొన్నాళ్ళు."

స్టెల్లాకి మొహం కందిపోయింది. "అదేంటి టీచర్ గారూ! పన్నెండో ఎక్కం దాకా వచ్చు దానికి. ఇంగ్లీషు గడగడా చదువుతుంది. వేలమంది చూస్తారండీ దాన్ని!"

"చదువులో వంక పెట్టడానికి లేదమ్మా. నాకు తెలుసు."

"మరి?"

"నాకూ తెలీదు. నీ చిన్నప్పుడే, ఎలీషా అని ఒకడుండేవాడు. వాళ్ళ నాన్న పోయాడు. బజారు చెయ్యడం, చెల్లెళ్ళని తయారు చెయ్యడం, అన్నీ వాడే. అప్పుడు వాడికీ ఇంతే, కప్పు దాకా లేచింది. తర్వాత ఆనాయి."

"ఏం చేస్తే ఆనాయి?"

"ఏం చెయ్యలేదు. గోళీలాడాడు" అంది సంపూర్ణమ్మ.

స్టెల్లా ఇంటికి వచ్చి పాల్‌తో చెప్పి ఏడ్చింది. పాల్ "సోమవారం సోమవారం కూర్చోబెడతారుగా. ఆనతాయిలే" అన్నాడు.

సోమవారాలు వచ్చాయి, పోయాయి. ఆనలేదు. రెండో క్లాసు పిల్లలకి ఆఖరి పీరియడ్‌లో ఆటలు. కృప మొదట గోడకి ఆనుకుని నిలబడి డయానా క్లాసు కిటికీ వైపు చూసేది. తర్వాత చూడటం తగ్గించింది. ఇంటికి ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది. ఒక రోజు మోకాలు చీరుకుని వచ్చింది. ఒక రోజు జడ రిబ్బను పోగొట్టుకుని వచ్చింది. ఇంకో రోజు పై పన్ను ఊడి, దాన్ని గుప్పిట్లో పట్టుకుని, గుమ్మంలోంచే "అమ్మా! చూడు!" అని అరుస్తూ వచ్చింది.

"అయ్యో, ముందు పన్నే! ఇప్పుడు నవ్వితే ఎలా ఉంటుందే?" అంది స్టెల్లా. మేడ మీద ఎండ అప్పటికే దిగిపోయింది. ఆ వారం వీడియో ఒక్కటీ పెట్టలేదు. పాప ఎక్కడ, పాప ఏమైంది అని ఎవరెవరో అడుగుతున్నారు.

పాల్ అన్నం తింటూ, "చిన్నపిల్లల అకౌంట్లు తీసేసే రూలు తెస్తారంట కదా. టీవీలో ఒకటే గోల" అన్నాడు.

"మనది చిన్నపిల్లది కాదుగా" అంది స్టెల్లా, వడ్డిస్తూ.

అనేశాక చెయ్యి ఆగింది. పాల్ తలొంచుకుని తిన్నాడు.

మర్నాడూ కృప ఆలస్యంగానే వచ్చింది. కాళ్ళ నిండా మట్టి. స్టెల్లా విసిగిపోయి, స్టాండు మడిచి, ఫోను బీరువాలో పడేసింది. "ఇంక వీడియో లేదు, ఏం లేదు. నీ ఇష్టం వచ్చినట్టు తిరుగు" అని మిషన్ ముందు కూర్చుంది.

కృప కాసేపు గుమ్మంలో నిలబడింది. తర్వాత మిషన్ దగ్గరికి వచ్చి, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"ఫోను లేకపోతే నువ్వు నన్నెట్టా చూస్తావమ్మా?"

"కళ్ళతో చూస్తా. పో, కాళ్ళు కడుక్కో" అంది స్టెల్లా, సూదిలో దారం ఎక్కిస్తూ. పిల్ల వెళ్ళిపోయింది. దారం ఎంతకీ ఎక్కలేదు.

ఆ కోపమంతా బడి మీదికి మళ్ళింది. బెజవాడలో పెద్ద స్కూలు ఒకటి చూసుకుంది. బస్సు ఇంటి ముందుకే వస్తుంది. బెంచీలూ గించీలూ ఉండవు, వయసు చెబితే క్లాసులో వేసుకుంటారు. టీసీ అడగడానికి మధ్యాహ్నం పూట బడికి వెళ్ళింది.

సంపూర్ణమ్మ టీచర్ ఎక్కాలు అప్పజెప్పించుకుంటోంది. "కూర్చో స్టెల్లా, వస్తున్నా" అని లోపలి నుంచే కేకేసింది. ఎండలో నడిచొచ్చిన మనిషి, వరండాలో ఉన్నది ఆ బెంచీ ఒక్కటే. స్టెల్లా కూర్చుంది.

కిర్రుమని చప్పుడైంది. కాళ్ళు నేలని వదిలేశాయి.

వేళ్ళు చాపి చూసింది. అందలేదు. చెప్పొకటి జారి కింద పడింది. ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చూసి, తనూ ఒక బిడ్డని కని, సంసారం నడుపుతున్న మనిషి, కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది.

సంపూర్ణమ్మ వచ్చి చూసింది. కింద పడ్డ చెప్పు తీసి పక్కన పెట్టి, గోడకి ఆనుకుని నిలబడింది.

"ఎన్నో క్లాసులో మానేశావమ్మా నువ్వు?"

"నాలుగులో అండీ. మీ బళ్ళో కాదు, మంగళగిరిలో. అమ్మ మగ్గం పనికి వెళ్ళేది. చెల్లెళ్ళని చూసుకోవడానికి నన్ను మానిపించారు." స్టెల్లా కాళ్ళ వైపు చూసుకుంది. "కాస్త పొడుగ్గా ఉండేదాన్ని. అందరూ పెద్దదానివైపోయావ్, పెద్దదానివైపోయావ్ అనేవాళ్ళు. అవునేమో అనుకున్నా."

గంట కొట్టారు. రెండో క్లాసు పిల్లలు ఇసకలోకి పడ్డారు. కృప పుల్లతో తొక్కుడుబిళ్ళ గళ్ళు గీస్తోంది. గళ్ళు వంకరగా వస్తున్నాయి. నాలుక బయటపెట్టి, ఊడిన పన్ను సందులోంచి ఊపిరి తీస్తూ గీస్తోంది. పిల్ల ఎంత పొడుగైందో, మోచేతి మీద కొత్త దెబ్బ ఎప్పుడు తగిలిందో స్టెల్లాకి తెలీదు. వీడియోల్లో లేనివి అవి.

"టీచర్ గారూ, మా వైపు ఒకళ్ళు తక్కువయ్యారు!" అని ఒక చిన్నది అరిచింది.

కృప తలెత్తి చూసింది. అమ్మ అంత ఎత్తున కూర్చుని ఉందని వింతపడలేదు. "మా అమ్మ వస్తుందిలే. మా అమ్మ బాగా ఎగురుతుంది" అంది.

స్టెల్లా బెంచీ మీది నుంచి దూకింది. కొంగు దోపింది. పెంకు విసిరి, ఒంటికాలి మీద మొదటి గడిలోకి గెంతింది. గీత తొక్కి అవుటైంది. ఒప్పుకోనంది. పిల్లలు గోల పెట్టారు. మళ్ళీ ఆడింది. టీసీ సంగతి ఆ రోజు అడగలేదు, తర్వాతా అడగలేదు.

ఆ సాయంత్రం ఫోను బయటికి తీసింది. పాల్ వచ్చి పక్కన కూర్చున్నాడు. అకౌంటు తెరిచి, పుట్టిన సంవత్సరం ఉన్న చోటికి వెళ్ళి, సరైనది పెట్టింది. ఈ వయసువాళ్ళకి ఇక్కడ అకౌంటు ఉండకూడదు, తీసేస్తున్నాం, సరేనా అని అడిగింది ఫోను.

"అన్నీ పోతాయేమో స్టెల్లా" అన్నాడు పాల్. "కష్టపడి చేసుకున్నారు ఇద్దరూ."

"స్టెప్పులు నాకు గుర్తేగా."

పాల్ ఆలోచించాడు. "పోనీ ఆ క్రిస్మస్ పాటది ఒక్కటీ నా ఫోనులోకి పంపు. నేను చూసుకుంటా. ఎవరికీ చూపించను." పంపింది. తర్వాత సరే అని నొక్కింది.

కృపకి చెబితే, "సరే" అని, "రేపు పిల్లి పిల్లల్ని తెస్తానంది డయానా, బళ్ళోకి" అంది.

వానలు పడి, కాలవలు నిండి, నాట్లు అయిపోయాక ఒక సోమవారం కృప బెంచీ మీద కూర్చుంటే అది కదల్లేదు. రెండు పాదాలూ, మడమలతో సహా, నేలకి ఆనాయి. కృప వాటి వైపు ఒకసారి చూసుకుంది. రెండో క్లాసు వాళ్ళకి టాటా చెప్పడానికి ముందు అటు పరిగెత్తి, అప్పుడు మూడో క్లాసులోకి వెళ్ళింది. లోపల డయానా జరిగి చోటిచ్చిన చప్పుడు వినిపించింది.

వరండాలో స్టెల్లా మిగిలింది. సంపూర్ణమ్మ టీచర్ సుద్దముక్కలు ఏరుకుంటోంది.

"టీచర్ గారూ, నాలుగో క్లాసు పుస్తకాలు పాతవేమైనా ఉంటాయాండీ?"

"దాని మూడోదే ఇప్పుడు మొదలైంది. నాలుగోవి ఎవరికమ్మా?"

"నాకండీ."

సంపూర్ణమ్మ లోపలికి వెళ్ళి తెలుగూ, లెక్కలూ, పరిసరాల పుస్తకమూ తెచ్చి, కొంగుతో దుమ్ము తుడిచి ఇచ్చింది. "మధ్యాహ్నం అన్నాలయ్యాక రా. అట్టలు వేసుకుని రా. అట్టల్లేని పుస్తకాలు నా బళ్ళోకి రానివ్వను" అంది.

సాయంత్రం స్టెల్లా జాకెట్టు గుడ్డలు పక్కకి జరిపి, పాత పేపర్లు పరిచింది. తల్లీ కూతుళ్ళిద్దరూ నేల మీద కూర్చుని అట్టలు వేశారు. స్టెల్లా తన పుస్తకం మీద పేరు రాసి, కింద తరగతి దగ్గర నాలుగు అంకె వేసింది. కృప వంగి దాన్ని చదివింది. తన పుస్తకం తెచ్చి పక్కన పెట్టి చూసుకుంది. చాలా సంతోషపడిపోయింది.

"అమ్మా! నువ్వు నాకంటే ఒక్క క్లాసే పెద్ద!"