నాలుగో మెట్టు

మూడు రోజులుగా స్కాఫోల్డింగ్ నాలుగో మెట్టు దగ్గరే గుండె దడ పట్టుకుని దిగిపోతున్నాను. రేపు కూడా ఎక్కకపోతే పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టించి ఇంటికి పంపేస్తానన్నాడు ఫోర్‌మన్.

సౌదీలో మా రాబిగ్ లేబర్ క్యాంపు క్లినిక్‌లో నర్సు షైని మా కాకినాడ పిల్లే. మాత్ర అడిగితే కుర్చీ చూపించింది.

"కళ్ళు మూసుకో అన్నా. పాదాల నుంచి పైదాకా ఒంట్లో ఎక్కడెలా ఉందో నెమ్మదిగా గమనించు."

"పంతొమ్మిదేళ్ళు ఒంటిని పట్టించుకోలేదు కాబట్టే ఈ ఎండలో బతికాను తల్లీ. ఇప్పుడు పలకరించమంటావా?"

"అందుకే అది అరుస్తోంది. ముందు కళ్ళు మూసుకో."

మూసుకున్నాను. మడమలు, మోకాళ్ళు, నడుము, పైపులు మోసిన భుజం, ఒక్కొక్కటీ తన నొప్పి చెప్పుకుంది. దడ తగ్గింది గానీ ఏడుపొచ్చింది.

"ఇంత నొప్పి తెలిశాక రేపెలా ఎక్కేది?" అన్నాను.

"ఊపిరి తీసుకుని మళ్ళీ పాదాల నుంచి మొదలుపెట్టు అన్నా," అంది షైని.