పై వరస కోడలు

టీ ట్రే బల్ల మీద పెట్టి వెనుదిరుగుతుంటే బావగారు "కూర్చోమ్మా" అన్నారు. ఎవరినంటున్నారా అని వెనక్కి చూశాను. గోడ తప్ప ఎవరూ లేరు. ఈ ఇంటికి కోడలిగా వచ్చాక మగవాళ్ళ మీటింగులకు నేను కాచిన టీతో ఓ చెరువు నింపొచ్చు. కూర్చోమనడం మాత్రం ఇదే మొదలు. మా ఆయన లేచి తన కుర్చీ నా వైపు జరిపాడు కూడా. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

కొండవాలు మీద టీ తోట మాది. పై వరస ఇళ్ళు, కింద వరస ఇళ్ళు. నేను కింద వరసలో పుట్టి పై వరసలో పడ్డాను. మా ఆయన ప్రేమించే చేసుకున్నాడు, కాదనను. "నువ్వు మీవాళ్ళలాంటిదానివి కాదు" అని మెచ్చుకుంటాడు కూడా. ఆ మెప్పు విన్నప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. కూర మాడితే అత్తయ్య "గంప మోసిన చేతులు కదా" అంటుంది. అమ్మ పోయాక కింద నాకంటూ ఓ ఇల్లు లేదు.

టీవీలోనేమో ఈ రెండు వరసలకూ తరతరాల పగ అంటారు. ఏం తరాలో, ఏం పగో! ఇద్దరి తాతలూ కరువుకు తాళలేక ఒకే బండెక్కి ఇక్కడికి కూలికొచ్చారు. ఈ సంగతి బఠానీలు ఒలుస్తూ ఓసారి అత్తయ్యే నోరు జారింది. కంపెనీ దొర తూకం షెడ్డు గుమ్మం మీద సుద్దముక్కతో గీత గీశాడట. తల ఆ గీతకు తగిలినవాళ్ళ చేతికి కర్ర, తగలనివాళ్ళ వీపున గంప. కర్రవాళ్ళ పని గంపవాళ్ళను అదిలించడం. సొంత అన్నదమ్ములు కూడా అటొకరు, ఇటొకరు అయ్యారట. ఆ గీతే ఇప్పుడు జాతి అయి కూర్చుంది. పొడుగు రక్తం మాదని బావగారు ఉపన్యాసాలిస్తారు. మా ఆయన నా చెవిదాకా వస్తాడు. కంపెనీ పోతూ పోతూ కర్రవాళ్ళకు ఇళ్ళూ తోటా రాసిచ్చింది, గంపవాళ్ళకు గంపలు వదిలేసింది. ఆకు ధర పడిపోయాక పై వరసవాళ్ళు కింద మావాళ్ళకు కూలి సరిగ్గా ఇవ్వలేదు. వాళ్ళు కోతకు రావడం మానేశారు. మాటా మాటా పెరిగింది. మొన్న బావగారి గోడౌన్ తగలబడింది. ఎవరు చేశారో ఎవరికీ తెలియదు గానీ అందరూ తెలిసినట్టే మాట్లాడుతున్నారు.

"కింద ఏయే ఇళ్ళలో మగవాళ్ళు లేరో నీకు తెలుసు గదమ్మా," బావగారు నెమ్మదిగా అన్నారు. "నువ్విప్పుడు మనింటి మనిషివి."

గోడవారగా కిరోసిన్ డబ్బాలున్నాయి. దేనికో అడగక్కర్లేదు. మా ఆయన నేలచూపులు చూస్తూ, చెప్పేయ్, మనకెందుకొచ్చిన గొడవ అని గొణిగాడు. అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

నాకు అన్నీ తెలుసు. ఏ ఇంట్లో బాలింత ఉందో, ఏ ఇంట్లో ముసలాయన మంచం దిగలేడో కూడా తెలుసు. ఇన్నేళ్ళూ చక్కెర సరిపోయిందా అని అడగడానికి తప్ప నా నోరు ఈ గదిలో ఎందుకూ పనికిరాలేదు. భయం వేసింది. అంతకన్నా అసహ్యం వేసింది. కుర్చీలో కూర్చున్నాను. బావగారి ముందున్న కప్పు తీసుకుని తాపీగా తాగాను. నాతో పని ఉంది కనుక అందరూ ఓర్చుకున్నారు.

"ఇవాళ్టి నుంచి నేను కింద వరసలోనే పడుకుంటాను," అన్నాను. "రోజుకో ఇంట్లో. ఏ రోజు ఏ ఇంట్లోనో మాత్రం చెప్పను."

మా ఆయన ముఖం పాలిపోయింది. బావగారు నవ్వారు. నా ఒక్కదాని కోసం తాను ఆగడని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా లేచి చెప్పులు వేసుకున్నాను.

వెనక అడుగుల చప్పుడైతే తిరిగి చూశాను. అత్తయ్య నా పక్కకొచ్చి నిలబడింది. పెద్దకొడుకు కళ్ళలోకి సూటిగా చూస్తూ నన్నడిగింది.

"అమ్మాయ్, అక్కడ నాకూ ఓ చాప దొరుకుతుందా?"